డ్యూరాండు కప్పు ఎవరికొరకు పుట్టినది?

ఆసియాఖండమున నేటికిని సాగుచున్న ఫుట్‌బాలు పోటీలలో మిక్కిలి పురాతనమైనది డ్యూరాండు కప్పు. ఆటల కాలము సమీపించినప్పుడెల్ల దీని ప్రాచీనతను కొనియాడుట మన పత్రికలకు వాడుక. 1888 అను అంకె పెద్దయక్షరములతో అచ్చగును. వయస్సొక్కటియే గౌరవమునకు చాలునా? మొదటి యర్ధశతాబ్దమున ఆ మైదానములోనికి ఎవరిని రానిచ్చిరో, ఎవరిని వెలుపల నిలిపిరో చెప్పక వయస్సును మాత్రమే పొగడుట చరిత్రను సగము కప్పిపుచ్చుటయే యని మా యభిప్రాయము.

నాడు భారత ప్రభుత్వమునకు విదేశాంగ కార్యదర్శిగా నుండిన మార్టిమర్ డ్యూరాండు దొర సిమ్లాలో ఈ పోటీని నెలకొల్పెను. 1893లో ఆఫ్ఘనిస్తానమునకును బ్రిటిషు ఇండియాకును నడుమ సరిహద్దు గీత నేర్పరచినదియు ఈ దొరయే. ఆ గీతవలని తగవు నేటికిని తీరలేదు. ఒకే మనుష్యుని పేరు మోయుచున్న రెండింటిలో కప్పే లోకమునకు మేలు చేసినదని చెప్పక తప్పదు.

సిమ్లా అప్పటి దొరతనమువారి వేసవి రాజధాని. అచట కొండలనడుమ పల్లమున నున్న అన్నండేలు మైదానమున ఆటలు జరిగెను. ఆడినవారు తెల్ల పటాలములవారు. మొదటి తుదిపోటీలో రాయల్ స్కాట్స్ ఫ్యూసిలియర్సు పటాలము హైలాండు లైట్ ఇన్‌ఫంట్రీ పటాలమును రెండు గోలులకు ఒకటిగా ఓడించెను. అది మొదలు 1895 వరకు విజేతల జాబితాను చూచినచో స్కాట్లండు పటాలముల పేర్లు తప్ప మరియొకటి కానరాదు. హైలాండువారు 1893 మొదలు వరుసగా మూడేండ్లు గెలిచి కప్పును తమ సొత్తుగా తీసికొనిపోయిరి. డ్యూరాండు దొర రెండవ కప్పు నిచ్చెను. దానిని బ్లాక్‌వాచ్ పటాలమువారు 1897 మొదలు 1899 వరకు మరల మూడుమారులు గెలిచి నిలుపుకొనిరి. మూడవ కప్పు వచ్చిన పిదప మాత్రము అది ఎవరికిని సొంతముగాక ఏటేట చేతులు మారు కప్పుగా నిలిచెను. 1904లో సిమ్లా పురవాసులు మరియొక బహుమానమును చేర్చిరి.

ఇంతవరకు భారతీయుని పేరొక్కటియు రాలేదని చదువరులు గమనించియుందురు. మనవారికి ఆట రాదా? కలకత్తాలో శోభాబజారు క్లబ్బువారు 1892లోనే ట్రేడ్సు కప్పు పోటీలో ఈస్ట్ సర్రే పటాలమును ఓడించిరి. అప్పటికి సిమ్లా పోటీ పుట్టి నాలుగేండ్లే. 1911 జూలై 29వ తేదీన మోహన్ బాగాన్ ఆటగాండ్రు, పదునొకండుగురిలో పదిమంది బూట్లు లేని పాదములతోనే, ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును రెండు గోలులకు ఒకటిగా గెలిచి ఐ.ఎఫ్.ఏ. షీల్డును చేజిక్కించుకొనిరి. అట్టి మోహన్ బాగాన్‌కు డ్యూరాండు పోటీనుండి ఆహ్వానము వచ్చినది 1925లో! పదునాలుగేండ్ల యీ జాప్యము ఆటలోని తారతమ్యమువలన గలిగినది కాదు. సిమ్లా కొండ యెక్కుటకు కాలిబలము చాలదు, చర్మపు రంగును గావలెనన్న తలంపువలన గలిగినది.

1940లో పోటీ కొండ దిగి ఢిల్లీకి వచ్చెను. ఆ డిసెంబరులో ఇర్విన్ యాంఫీథియేటరున కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగు జట్టు రాయల్ వార్విక్‌షైర్ పటాలమును రెండు గోలులకు ఒకటిగా ఓడించి కప్పు నందుకొనెను. కప్పు పుట్టిన యేబదిరెండేండ్లకు అది భారతీయ క్లబ్బు చేతికి దక్కుట అదియే మొదలు. యుద్ధకాలముగాన పటాలములు సన్నగిల్లియుండెనని ఎవరైన అనవచ్చును. 1934 మొదలు 1938 వరకు కలకత్తా లీగును వరుసగా ఐదుమారులు గెలిచిన జట్టునుగూర్చి అట్టి మాట యనుట న్యాయము కాదు.

ఆపై యుద్ధమువలనను దేశవిభజనవలనను పోటీ ఆగిపోయి 1950లో గాని తిరిగి జరుగలేదు. స్వతంత్ర భారతమున జరిగిన ఆ తొలి పోటీలో విజేత యెవరు? కలకత్తావారు కారు. మన హైదరాబాదు నగర పోలీసు జట్టు! మోహన్ బాగాన్‌తో తుదిపోటీ సమముగా ముగియగా, మరల ఆడించిన ఆటలో ఒక గోలుతో గెలిచిరి. వారికి శిక్షణ మిచ్చినది వృత్తిచే ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీము. 1951, 1962 ఆసియా క్రీడలలో భారత జట్టునకు స్వర్ణపతకములు వచ్చినదియు ఆయన శిక్షణముననే. పోలీసు జట్టు 1954లోను 1957లోను డ్యూరాండు కప్పును మరల గెలిచెను. 1961లో ఆంధ్ర పోలీసు పేరున మరియొకమారు గెలిచిరి. బొంబాయి రోవర్సు కప్పునైతే 1950 మొదలు ఐదేండ్లు ఎవరికిని విడువలేదు.

కప్పు పేరు మార్చవలెనని మేము కోరుట లేదు. ఆ పేరు తీసివేసినచో మనవారు దాటివచ్చిన గోడ ఎంతయెత్తుదో రాబోవువారికి తెలియకపోవును. మేము కోరునది వేరు. పోటీ యాజమాన్యమువారు విజేతల జాబితాను అచ్చువేయునప్పుడు తొలినాళ్ల పోటీ సైన్యమునకే పరిమితమై యుండెనను మాటను దాని ప్రక్కన చేర్చవలెను. తెల్ల పటాలములు తమ యాటల ముచ్చటలను సైతము తమ చరిత్రగ్రంథములలో పదిలపరచుకొన్నవి. మన పోలీసు జట్టు ఆడిన ఆటల ఛాయాపటములు, నాటి ఉర్దూ, తెలుగు, ఆంగ్ల పత్రికల తునకలు, ఆటగాండ్ర కుటుంబములవారి యొద్దనున్న పతకముల వివరములు ఒకచోట చేర్చువారెవరు? పోలీసు శాఖవారును హైదరాబాదు గ్రంథాలయములవారును పూనుకొన్నచో ఇది దుస్సాధ్యమైన పని కాదు. 1950 నాటి ఆటను కన్నులార చూచినవారు నేడు తొంబదియేండ్లకు చేరువనో, అంతకు పైబడియో యుందురు. వారి మాటలను వ్రాసికొనుటకు రానున్న యేటివరకు ఆగుట తగదు.