పదేళ్ళవాడికి పెళ్ళిచూపులు

పెళ్ళిచూపుల రోజులు పోయాయనీ, ఆడపిల్లని నడవమని, పాడమని, జడ విప్పి చూపించమని అడిగే ధైర్యం ఇప్పుడెవరికీ లేదనీ మనమంతా సంతోషిస్తున్నాం. ఆ సంతోషంలో నేనూ నిండుగా పాలుపంచుకునేదాన్నే - టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన కాపురం పెట్టి, బేస్‌బాల్ ఆడే కొడుకుని కనకపోతే!

ఆడపిల్లలకి తప్పిన పెళ్ళిచూపులు ఇక్కడ మగపిల్లలకి పట్టుకున్నాయండీ. పేరు మాత్రం మారింది. ట్రైఅవుట్స్ అంటారు.

బేస్‌బాల్ అంటే మన క్రికెట్టుకి దాయాది. రోకలిలాంటి గుండ్రటి బ్యాటుతో బంతిని బాది పరుగెత్తడం. ప్రతి వూళ్ళోనూ పిల్లలకి ఒక లీగు వుంటుంది. కొద్దిపాటి రుసుము కట్టి పేరు రాయిస్తే చాలు, పొట్టివాడికీ పొడుగువాడికీ కూడా ఏదో ఒక జట్టులో చోటు దొరుకుతుంది. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మూడంటే మూడు జట్లతో లిటిల్ లీగ్ మొదలైంది ఈ వూరి పిల్లలంతా ఆడుకోవాలనే. ఇప్పుడు దాని నెత్తిన ట్రావెల్ బాల్ అని ఇంకో అంతస్తు లేచింది. అందులోని క్లబ్బులు పిల్లల్ని ఏరుకుంటాయి. వాటి పేర్లు చూడాలి - ఎలీట్, ప్రీమియర్, సెలెక్ట్! పాలపళ్ళు పూర్తిగా వూడని పిల్లలు ఎలీట్ ఏమిటో నాకు తెలీదు.

వేసవి చివర, రోడ్డు మీద తారు కరిగే ఎండలో ఈ చూపులు జరుగుతాయి. ముందు రుసుము కట్టాలి. పిల్లాడి వీపుకి ఒక నెంబరు అంటిస్తారు. ఇక వాడికి పేరుండదు. పరుగెత్తమంటారు, బంతి విసరమంటారు, కొట్టమంటారు. విసిరిన బంతి వేగాన్ని రాడార్ గన్నుతో కొలుస్తారు - మన దగ్గర పోలీసులు లారీలకి పెట్టేది అదే. నలుగురు మగవాళ్ళు అట్టలు పట్టుకుని మార్కులు వేసుకుంటూ వుంటారు. చివర్న, "రెండు రోజుల్లో ఈమెయిలు పంపిస్తాం" అంటారు. "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అన్న పాతమాట గుర్తుకొచ్చిందా, లేదా?

పోయినేడు మా అత్తగారు వచ్చి వున్నప్పుడు ఈ తతంగం చూసి, "ఏమే అమ్మాయ్, పిల్లలకి నెంబర్లేమిటి, పశువుల సంతలోలాగా?" అన్నారు. మావారు నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

అసలు సంగతి వినాలంటే మైదానంలో కాదు, పక్కన టెంటు కింద కూర్చోవాలి. అక్కడ తల్లులంతా తమ అనుభవాలు కలబోసుకుంటారు. తెలుగువాళ్ళూ, తెల్లవాళ్ళూ, మెక్సికన్లూ - కష్టాలు చెప్పుకోవడంలో అందరం ఒకే కులం. ఒకావిడ చెప్పింది: వాళ్ళబ్బాయి వెళ్ళిన చోటికి అరవైమంది వచ్చారట, అందరి దగ్గరా రుసుము పుచ్చుకున్నారట. తీరా చూస్తే జట్టులో పదిమంది ముందే ఖాయమైపోయారు, ఖాళీ వున్నవి రెండే స్థానాలు! ఇంకొకావిడ మాట: కోచ్‌గారి అబ్బాయి షార్ట్‌స్టాప్, కోచ్‌గారి స్నేహితుడి అబ్బాయి పిచ్చర్, మిగతా పిల్లలు గడ్డి కాపలా. దీనికి ఇక్కడ పేరు కూడా పెట్టుకున్నారు - డాడీ బాల్ అని. మరొకావిడ నాలుగు గంటలు కారు నడుపుకుని హ్యూస్టన్ వెళ్ళి, వాళ్ళు చెప్పిన హోటల్లోనే తప్పనిసరిగా దిగి, రెండు రోజుల్లో కొడుకు బ్యాటు పట్టింది రెండుసార్లని లెక్క చెప్పింది. మా పక్కవీధి తెలుగావిడ ఏమీ చెప్పలేదు. పన్నెండేళ్ళ కొడుకు మోచేతికి ఐసు కట్టుకుంటూ కూర్చుంది. ఆ అబ్బాయి శనివారం ఒక జట్టుకీ, ఆదివారం ఇంకో జట్టుకీ బంతి విసిరాడు.

ఇన్ని కథలూ విన్నాక చివర వచ్చే వాక్యం మాత్రం ఒక్కటే - "అయినా వచ్చే యేడు ఫలానా క్లబ్బులో చూద్దాం." నా పోట్లాటంతా ఈ "అయినా" తోనే! వానొచ్చింది, వరదొచ్చింది అన్నట్టుగా చెప్పుకుంటాం. ఎవరూ చేయనిదే, ఎవరూ డబ్బు కట్టనిదే ఇదంతా ఆకాశంలోంచి వూడిపడినట్టు!

వీళ్ళు ఏరేది ప్రతిభనే అయితే నేనీ కలం పట్టను. ట్రావెల్ బాల్‌లో వయసు లెక్క ఏప్రిల్ 30తో ముగుస్తుంది. అంటే మే నెలలో పుట్టినవాడూ, ఆ మరుసటి మార్చిలో పుట్టినవాడూ ఒకే జట్టుకి పోటీ పడాలి. పదేళ్ళ వయసులో పదినెలలంటే ఎంతనుకున్నారు? వాడి ఆయుష్షులో పన్నెండో వంతు! మేలో పుట్టినవాడు జానెడు పొడుగుంటాడు, బంతి గట్టిగా విసురుతాడు, ఎంపికవుతాడు. ఎంపికయ్యాడు గనక మంచి శిక్షణ దొరుకుతుంది, ఎక్కువ ఆటలు ఆడతాడు, మరుసటేడు నిజంగానే ముందుంటాడు. అప్పుడు పెద్దమనుషులు మీసం దువ్వి, "చూశారా, మేం ముందే కనిపెట్టాం" అంటారు. కనిపెట్టింది పుట్టినరోజుని, ఆటని కాదు.

మా వాడు మార్చిలో పుట్టాడు. ఈమెయిలు మర్యాదగానే వచ్చింది - ఈసారికి స్థానం కల్పించలేకపోతున్నామని. వాడు ఏడవలేదు. చేతి తొడుగు గరాజులో మేకుకి తగిలించి వచ్చి, "అమ్మా, నేను బాగా ఆడనా?" అని అడిగాడు. అంతకు ముందురోజు వరకూ వాడికి ఆ ప్రశ్నే తెలీదు. ఆడటం తెలుసు, అంతే. ఆ తర్వాత నెల్లాళ్ళు గోడకేసి బంతి కొట్టిన చప్పుడు మా ఇంట్లో వినిపించలేదు. ఆ క్లబ్బు తన రుసుము తను తీసుకుంది, మా వాడి దగ్గర్నుంచి తీసుకున్నదానికి మాత్రం రసీదు లేదు.

"పోటీ లేకపోతే ఎలాగండీ, రేపు కాలేజీలో స్కాలర్‌షిప్పు రావద్దూ?" అంటారు మగవాళ్ళు. సరే, లెక్కే చూద్దాం. హైస్కూల్లో బేస్‌బాల్ ఆడే నూరుమందిలో ఎన్‌సిఎఎ కాలేజీ జట్లలో ఆడేది సుమారు ఏడుగురు. మొదటి శ్రేణి జట్టుకి ఏళ్ళ తరబడి వున్నవి మొత్తం 11.7 స్కాలర్‌షిప్పులు. ముప్ఫైమందికి పైగా వుండే జట్టులో వాటినే ముక్కలు చేసి పంచేవారు. 2025లో ఆ పరిమితి ఎత్తేసి, కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలు జట్టులో 34 మందికి మించకూడదన్నారు. ఇచ్చే వీలు పెరిగింది గాని, చోటు పెరగలేదు. ఏడాదికి మూడువేల డాలర్ల చొప్పున ఎనిమిదేళ్ళు కడితే ఇరవైనాలుగు వేలు. బ్యాట్లూ హోటళ్ళూ పెట్రోలూ వేరే. ఆ డబ్బు బ్యాంకులో వేసుకుంటే ఏ కోచ్ దయా అక్కర్లేకుండా మనమే మన పిల్లాడికి స్కాలర్‌షిప్పు ఇచ్చుకోవచ్చు!

"చిన్నప్పుడే పట్టాలి, లేకపోతే వెనకబడతాడు" అన్నది రెండోమాట. 2008లో మనదేశంలో జరిగిన పోటీలో గెలిచిన రింకూ సింగ్, దినేష్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్ళు జావెలిన్ విసిరేవాళ్ళు, అంతకు ముందు బేస్‌బాల్ పట్టినవాళ్ళు కారు. ఆ ఏడే పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థ వాళ్ళతో ఒప్పందం రాసుకుంది. పైమెట్టు మేజర్ లీగ్ దాకా వాళ్ళు చేరలేదు, నిజమే. కాని పదేళ్ళకే తలుపు మూసుకుపోతుందన్న మాట మాత్రం అబద్ధమని తేలింది కదా!

వెనకబడటం సంగతి సరే, చేయి పడిపోవడం సంగతేమిటి? 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే ఆటగాడి మోచేతిలో తెగిన లిగమెంటు స్థానంలో అతని రెండో చేతి స్నాయువు అమర్చారు. అప్పటికతను ముప్ఫై దాటినవాడు. 2007 నుంచి 2011 వరకూ అమెరికాలో ఆ ఆపరేషను చేయించుకున్నవాళ్ళని లెక్కవేస్తే సగానికి పైగా 15 - 19 ఏళ్ళ పిల్లలే! 2014లో మేజర్ లీగ్ వాళ్ళే సూచనలు ప్రకటించారు - తొమ్మిది, పదేళ్ళవాళ్ళు రోజుకి 75 బంతులకి మించి విసరకూడదనీ, ఏడాదిలో నాలుగు నెలలు చేతికి విశ్రాంతి ఇవ్వాలనీ. శనివారం క్లబ్బుకి ఆదివారం క్లబ్బు లెక్క తెలీకపోతే ఈ సూచనలు ఎవరు పాటిస్తారు? తల్లి నోరు విప్పితేనే.

ఇంకోమాట. ఆ టెంటు కింద ప్రతి కుటుంబానికీ ఒక చెల్లెలుంటుంది. శనాదివారాలు మడతకుర్చీలో కూర్చుని, చిప్స్ తింటూ, అన్న ఆట అయ్యేదాకా హోంవర్కు చేసుకునే చెల్లెలు. ఆ పిల్ల డాన్సు క్లాసు శనివారం గనక మానిపించారు. ఆ పిల్లని చూసి జాలిపడినవాళ్ళెవరూ లేరు, ఆమె కథ చెప్పినవాళ్ళూ లేరు.

నార్వే దేశంలో పిల్లల క్రీడలకి 1987 నుంచీ నియమాలున్నాయి. ఇప్పటి పద్ధతిలో పదకొండేళ్ళు వచ్చేదాకా పాయింట్ల పట్టికలూ ర్యాంకులూ వుండవు, పదమూడు వచ్చేదాకా జాతీయ పోటీలుండవు. మరి ఆ పిల్లలు చచ్చుపుచ్చులయ్యారా? యాభై లక్షల పైచిలుకు జనమున్న ఆ దేశమే 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 బంగారు పతకాలతో అందరికంటే ముందు నిలిచింది.

పధ్నాలుగూ పదిహేనేళ్ళకి హైస్కూలు జట్టుకి ఎంపిక జరగాల్సిందే, నేను కాదనను. పన్నెండు లోపు మాత్రం వద్దు. అంతవరకూ ఆగలేమనే తల్లులు, డబ్బు కట్టేముందు కనీసం మూడు ప్రశ్నలు అడగండి. నిజంగా ఖాళీ వున్న స్థానాలెన్ని? జట్టులో ప్రతి పిల్లాడూ ఎంతసేపు ఆడతాడు? విసిరిన బంతులు ఎవరు లెక్కపెడతారు? జవాబు తిన్నగా రాకపోతే కారు వెనక్కి తిప్పండి.

ఇది అమెరికా గొడవ, మాకెందుకంటారా? ఆరో తరగతి పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్ అని పరీక్ష పెట్టి సెక్షన్లు విడదీసే వూళ్ళో వుండి ఆ మాట అనకండి. బంతి వేరు గాని ఆట ఒకటే. కట్నమిచ్చేవాళ్ళున్నంత కాలం పెళ్ళిచూపులు ఆగలేదు. "మా అమ్మాయి పాడదు, మీరు దయచేయండి" అని ఒక తల్లి అన్న రోజున ఆగడం మొదలైంది.