టీసీకి చెప్పే మొదటి మాట

శంషాబాద్‌లో రైలెక్కాలంటే ఉందానగర్ స్టేషన్‌కు వెళ్లాలి. అక్కడి నుంచి విమానాశ్రయం కొద్ది కిలోమీటర్లే అయినా రైలు మాత్రం అంతదాకా పోదు. హైదరాబాద్ లోకల్ రైళ్లయిన ఎంఎంటీఎస్ రెండో దశలో టెర్మినల్ వరకూ వస్తుందనుకున్న లైను ఉందానగర్‌లోనే ఆగిపోయింది. 2023 ఏప్రిల్ 8న ప్రధాని సికింద్రాబాద్‌లో 13 కొత్త ఎంఎంటీఎస్ సర్వీసులకు జెండా ఊపారు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల డబ్లింగ్ పనిని కూడా అదే రోజు జాతికి అంకితం చేశారు. యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా, బుద్వేల్ మీదుగా వచ్చే ఆ లైనుతో శంషాబాద్‌కు చౌకగా చేరే దారి ఏర్పడింది.

ఎంఎంటీఎస్‌లో కనీస టికెట్ ఐదు రూపాయలు. అది లేకుండా పట్టుబడితే కనీసం 250 రూపాయలు కట్టాలి, పైన ఛార్జీ వేరే. ఇక్కడివరకూ చాలామందికి తెలుసు. ఆ 250 వెనక ఉన్న చట్టంలో రెండు తలుపులున్నాయని, ఏ తలుపు తెరుచుకునేదీ చాలావరకు మనం టీసీతో చెప్పే మొదటి మాటమీదే ఆధారపడుతుందని మాత్రం ఎవరూ చెప్పరు. బడిలో చెప్పరు, స్టేషన్‌లో అంటించిన బోర్డుమీదా రాయరు.

1989 నాటి రైల్వే చట్టంలో 138వ సెక్షన్ మొదటి తలుపు. సరైన టికెట్ లేదు, లేదా టికెట్ ఉన్న స్టేషన్ దాటి ముందుకు పోయారు. అలాంటప్పుడు ప్రయాణించిన దూరానికి ఛార్జీ, దానిమీద అంతే మొత్తం గానీ 250 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఎక్కడ ఎక్కారో తేలకపోతే రైలు బయల్దేరిన స్టేషన్ నుంచే ఛార్జీ లెక్క కడతారు. కట్టి రసీదు తీసుకుంటే విషయం అక్కడితో ముగుస్తుంది. కేసు లేదు, కోర్టు లేదు, మీ పేరుమీద మచ్చ లేదు.

137వ సెక్షన్ రెండో తలుపు. రైల్వేను మోసం చేసే ఉద్దేశంతో టికెట్ లేకుండా ఎక్కినా, ఒకసారి వాడేసిన టికెట్‌ను మళ్లీ వాడినా దాని కిందికి వస్తుంది. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప జరిమానా 500కు తగ్గకూడదు. ఇదే పనిగా పెట్టుకున్నవాడని తేలితే, మూడేళ్ల దాకా సత్ప్రవర్తనకు పూచీ రాసిమ్మని కోర్టు అడగవచ్చు కూడా (140వ సెక్షన్).

రెండింటికీ తేడా ఉద్దేశంలో ఉంది. మనిషి మనసులో ఏముందో టీసీ చూడలేడు, మాట వింటాడు, చేష్ట చూస్తాడు. కౌంటర్ దగ్గర వరుస పెద్దదిగా ఉంది, రైలు కదిలిపోతుందని ఎక్కేశానని నిజం చెప్పినవాడిది ఒక కేసు. నిన్నటి టికెట్ చూపించి వాదించినవాడిది, పక్కవాడి పాస్ తనదన్నవాడిది, తప్పుడు పేరు చెప్పినవాడిది ఇంకో కేసు. ఎక్కడానికి ముందే గార్డుకో టీసీకో చెప్పి, తర్వాత ఛార్జీ కడతానన్న షరతుమీద అనుమతి పత్రం తీసుకుంటే ఆ అదనపు జరిమానా కూడా ఉండదని చట్టంలోనే ఉంది. ఆ వెసులుబాటు వాడుకోవాలంటే ముందు అది ఉన్నట్టు తెలియాలి.

టికెట్ ఎగ్గొట్టడాన్ని నేను వెనకేసుకురావడం లేదు. ఐదు రూపాయలకు ఇంత దూరం తీసుకెళ్లే బండి మనకు ఇంకోటి లేదు. పైగా టికెట్ కొననివాడు రైల్వే లెక్కలో లేడు. పొద్దున ఏడింటి బండిలో నిలబడే చోటు లేకపోయినా, అమ్ముడైన టికెట్లు యాభై అయితే ఆ బండిలో యాభై మందే ఉన్నట్టు. ఉందానగర్‌కు సర్వీసులు చాలడం లేదని మనం అడిగిన ప్రతిసారీ అవతలి బల్లమీద ఉండేది ఆ టికెట్ల లెక్క కాగితమే. ఎగ్గొట్టిన ఐదు రూపాయలు రైల్వేకు చేసే నష్టం చిన్నది. రేపు అదే బండికోసం ప్లాట్‌ఫాం మీద నిలబడే తోటి ప్రయాణికుడికి చేసే నష్టం అంతకంటే పెద్దది.

కానీ శిక్ష గురించి మాట్లాడేటప్పుడు, అది ఎవరిమీద ఎంత బరువుగా పడుతుందో చూడకుండా మాట్లాడలేం. విమానాశ్రయంలో కాంట్రాక్టు మీద ఊడ్చేవాళ్లకు, సామాన్లు మోసేవాళ్లకు, కార్గోలో లోడింగ్ చేసేవాళ్లకు 250 అంటే రోజు కూలిలో పెద్ద ముక్క. చేతిలో డబ్బు ఉన్నవాడు అక్కడికక్కడే కట్టి దిగిపోతాడు. లేనివాడిని రైల్వే మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళతారు. అక్కడా కట్టలేకపోతే పది రోజులకు తగ్గకుండా, నెల వరకు జైలుకు పంపే వీలు 138వ సెక్షన్‌లోనే ఉంది. అంటే డబ్బుతో తీరిపోవాల్సిన మొదటి తలుపు కూడా పేదవాడికి జైలు వైపే తెరుచుకుంటుంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది, మారాలి. పేరు, చిరునామా, గుర్తింపు కార్డు నంబరు రాసుకుని మూడు వారాల గడువుతో చీటీ ఇవ్వడం, ఇప్పుడున్న యంత్రాలతో పెద్ద పని కాదు.

మరో సంగతి ఆడవాళ్లకు తెలియాలి. టికెట్ లేదని మగతోడు లేని స్త్రీని గానీ పిల్లలను గానీ ఎక్కడపడితే అక్కడ దింపేయడానికి లేదు. ఎక్కిన స్టేషన్‌లో, జంక్షన్‌లో, రైలు ఆఖరి స్టేషన్‌లో, లేదా జిల్లా కేంద్రం స్టేషన్‌లో మాత్రమే దింపాలి, అదీ పగటిపూటే. 139వ సెక్షన్ చెప్పేది ఇదే. రాత్రి షిఫ్టు ముగించుకుని వెళ్లే ఆడపిల్లకు ఈ నాలుగు మాటలు కంఠతా వచ్చి ఉండాలి.

దక్షిణ మధ్య రైల్వే తనిఖీలు బాగా పెంచింది. 2025 అక్టోబరులో జోన్ మొత్తంమీద ఒక్కరోజు చెకింగ్‌లోనే కోటి రూపాయలకు పైగా వసూలైంది, కేసులు పదహారు వేలు దాటాయి. సగటున మనిషికి ఏడు వందలకు కాస్త తక్కువ. అధికారులు దీన్ని రికార్డుగా ప్రకటించారు. నాకైతే ఇందులో గర్వపడేదేమీ కనిపించలేదు. ఒక్కరోజులో పదహారు వేల మంది దొరికారంటే, టికెట్ కొనడం ఎక్కడెక్కడ కష్టంగా ఉందో వెతకాల్సిన అవసరం కూడా ఉన్నట్టే. ఫోన్‌లో కొనే యాప్ ఉంది, స్టేషన్‌లో అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తీసుకునే వీలూ ఉంది. రైలెక్కేశాక మాత్రం జనరల్ టికెట్ యాప్‌లో రాదు. ఎక్కి కూర్చుని ఫోన్ తీసేవాళ్లు దొరికేది ఇక్కడే. ఎంఎంటీఎస్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు, సెకండ్ క్లాస్ టికెట్‌తో ఫస్ట్ క్లాస్ పెట్టెలో నిలబడ్డవాళ్లు కూడా దొంగతనం చేద్దామని చేసినవాళ్లు కారు చాలాసార్లు.

ఇక శంషాబాద్‌లో విమానమెక్కే పిల్లల సంగతి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో డిపార్చర్ గేటు ముందు వాళ్లను సాగనంపడానికి ఊరంతా వచ్చినట్టుంటుంది. పచ్చళ్ల డబ్బాల తూకం దగ్గర్నుంచి వేడినీళ్ల కెటిల్ దాకా అన్నీ చెప్పి పంపుతారు. అక్కడ దిగిన మొదటి వారంలోనే ఎక్కబోయే రైలు గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

జర్మనీ వెళ్లిన పిల్లవాడికి అక్కడి స్టేషన్ మన ఎంఎంటీఎస్ స్టేషన్‌లాగే కనిపిస్తుంది. గేట్లు లేవు, అడ్డుకునేవాడు లేడు, నేరుగా నడిచివెళ్లి ఎక్కేయొచ్చు. తనిఖీ చేసేవాళ్లు చాలాసార్లు మామూలు బట్టల్లో పక్క సీట్లోనే ఉంటారు. దొరికితే 60 యూరోలు. కొన్నిచోట్ల కాగితం టికెట్ కొన్నంత మాత్రాన చాలదు, యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. అది తెలియక టికెట్ జేబులో ఉండి కూడా పట్టుబడతారు. పేరుమీద తీసుకున్న పాస్ ఇంట్లో మరిచిపోతే, గడువులోగా వెళ్లి చూపిస్తే చాలాచోట్ల ఆ 60 కాస్తా 7 యూరోలకు దిగుతుంది. అడిగితేనే ఈ సంగతి చెబుతారు.

అక్కడా రెండో తలుపు ఉంది. జర్మన్ శిక్షాస్మృతిలో 265ఎ సెక్షన్ ప్రకారం డబ్బు కట్టకుండా ప్రయాణించడం నేరం, ఏడాది దాకా జైలు. 1935లో వచ్చిన సెక్షన్ అది. కోర్టు వేసిన జరిమానా కట్టలేనివాళ్లు దానికి బదులు జైలుకెళతారు, అందులో ఎక్కువమంది పేదలు, ఇల్లు లేనివాళ్లు. 2021 డిసెంబరులో మొదలైన ‘ఫ్రైహైట్స్‌ఫాండ్స్’ అనే సంస్థ చందాలు పోగుచేసి, ఆ జరిమానాలు తానే కట్టి వెయ్యి మందికి పైగా విడిపించింది. డ్యూసెల్‌డార్ఫ్, కొలోన్ నగరాలు ఇలాంటివాళ్లమీద పోలీసు ఫిర్యాదులు పెట్టడం మానుకున్నాయి. చట్టం ఇంకా అలాగే ఉంది.

ఇంగ్లండ్‌లో ఇంకా చిక్కు. 2023 జనవరి నుంచి రైళ్లలో పెనాల్టీ ఫేర్ 100 పౌండ్లు, పైన ఛార్జీ. 21 రోజుల్లో కడితే సగం, అదే గడువులో అప్పీలు కూడా చేసుకోవచ్చు. ఇది మొదటి తలుపు. రెండోది 1889 నాటి రైల్వే నియంత్రణ చట్టం. ఛార్జీ ఎగ్గొట్టే ఉద్దేశంతో ప్రయాణించినా, దొరికాక తప్పుడు పేరో చిరునామానో ఇచ్చినా ఆ చట్టం కింద కేసు. వెయ్యి పౌండ్ల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు. అంతకుమించి, అది నేరచరిత్రలో చేరుతుంది. ఆ తర్వాత వీసా పొడిగింపు ఫారంలో శిక్షల గురించి అడిగే గడిలో నిజం రాయాలి. రాస్తే ఇబ్బంది, దాస్తే అంతకంటే పెద్ద ఇబ్బంది. మోసపూరితంగా దాచారని తేలితే పదేళ్ల దాకా ఆ దేశం తలుపు మూసుకుపోవచ్చు.

పెద్ద ఉద్యోగులకూ ఇది తప్పలేదు. బ్లాక్‌రాక్ సంస్థలో మేనేజింగ్ డైరెక్టర్ హోదాలో ఉన్న ఒకాయన స్టోన్‌గేట్ అనే పల్లె స్టేషన్ నుంచి లండన్‌కు 21.50 పౌండ్ల టికెట్ కొనకుండా, దిగేచోట కార్డు తాకించి 7.20 పౌండ్లతో సరిపెట్టుకుంటూ ఏళ్లు గడిపాడు. దొరికాక సుమారు 43 వేల పౌండ్లు కట్టి కోర్టు తప్పించుకున్నాడు. 2014 డిసెంబరులో ఆర్థికరంగ నియంత్రణ సంస్థ అతణ్ని ఆ రంగం నుంచే నిషేధించింది. కట్టిన డబ్బుతో రైలు కంపెనీ లెక్క సరిపోయింది గానీ నమ్మకం లెక్క సరిపోలేదు.

దానికి పూర్తిగా ఎదుటి కొసన మరో ఉదంతం ఉంది. 2024లో ఒక యువ పట్టభద్రుడు రాయితీ కార్డుతో టికెట్ కొన్నాడు. పొద్దున పది గంటల లోపు ఆ కార్డుకు కనీస ఛార్జీ నిబంధన ఉందని అతనికి తెలియదు. తేడా 1.90 పౌండ్లు. నార్తర్న్ రైలు కంపెనీ కోర్టుకు ఈడుస్తానంది. జనం కోపగించుకుంటే వెనక్కి తగ్గింది. మన పిల్లల్లో చాలామంది కొనుక్కునేది కూడా యువతకిచ్చే అలాంటి కార్డులే. అదే ఏడాది ఆగస్టులో ఇంగ్లండ్ చీఫ్ మేజిస్ట్రేట్, ఒకే మేజిస్ట్రేటు మూసిన గదిలో తేల్చే పద్ధతిలో 1889 చట్టం కింద వేసిన కేసులు చెల్లవని తీర్పిచ్చారు. అలా కొట్టుకుపోయిన శిక్షలు సుమారు 74 వేలు. ఉత్తరం వస్తే నేరం రుజువైపోయినట్టేనని బెదిరిపోయి తలవంచేవాళ్లు ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోవాలి.

అమెరికాలో రైలు కంటే వీసా భయం ఎక్కువ. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల విద్యార్థి హోదా రికార్డులను అక్కడి ప్రభుత్వం ఒక్కసారిగా రద్దు చేసింది. చిన్నచిన్న పోలీసు వ్యవహారాలు, కొట్టేసిన కేసులు కూడా అందుకు కారణమయ్యాయి. కోర్టుల ఒత్తిడితో ఆ నెలాఖరుకే చాలావరకు పునరుద్ధరించారు. కానీ ఆ మూడు వారాలు మన ఇళ్లలో నిద్రలేదు.

ఒక్కమాట రైల్వేల వైపు కూడా. మన దేశంలో ప్రయాణికుడి దగ్గర తప్పు దొరికితే వసూలు నిమిషాల్లో జరుగుతుంది. మథురకు చెందిన ఒక న్యాయవాది దగ్గర 1999లో కౌంటర్‌లో 20 రూపాయలు ఎక్కువ తీసుకున్నారు. దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి ఆయన వినియోగదారుల కోర్టు చుట్టూ 22 ఏళ్లు తిరిగి, 2022 ఆగస్టులో గెలిచారు. ప్రయాణికుడి తప్పుకు ఉన్నంత వేగం రైల్వే తప్పుకూ ఉండాలని అడగడం అత్యాశ కాదు.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీలు విదేశాలకు పంపే ముందు పిల్లలకు పెట్టే క్లాసులో రైలు టికెట్‌కు ఒక అరగంట ఇవ్వాలి. ఏ దేశంలో ఏ టికెట్‌కు ముద్ర వేయాలో, ఏ కార్డు ఏ గంటకు చెల్లదో చెప్పాలి. దొరికితే నిజమైన పేరు, నిజమైన చిరునామా ఇవ్వాలి. చిరునామా మారితే కంపెనీకి తెలియజేయాలి. ఉత్తరం పాత గదికి పోయి, అక్కడున్న స్నేహితుడు దాన్ని తెరవకుండా పక్కన పడేసినందుకు గడువు దాటిపోవచ్చు. అలా జరిమానా కాస్తా కోర్టు కేసైపోతుంది. ఉత్తరం రాగానే విశ్వవిద్యాలయంలోని విద్యార్థి సలహా కేంద్రానికి తీసుకెళ్లాలి. తెలిసిన అన్నయ్య వాట్సాప్‌లో చెప్పిన ఉపాయం కంటే అది నయం.

ఇక్కడున్నవాళ్లకు: టీసీ ఆపితే పరిగెత్తకండి, కథ అల్లకండి. ఎక్కడ ఎక్కారో చెప్పండి, కట్టగలిగితే కట్టండి, రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. రసీదులో ఛార్జీ ఎంత, జరిమానా ఎంత అని విడిగా చూసుకోండి. దక్షిణ మధ్య రైల్వే ఉందానగర్ నుంచే మొదలుపెట్టి, ప్రతి ఎంఎంటీఎస్ స్టేషన్‌లో 137, 138 సెక్షన్లు, 139లోని ఆడవాళ్ల రక్షణ, అనుమతి పత్రం సంగతి తెలుగులో, ఉర్దూలో, హిందీలో పెద్ద అక్షరాలతో రాయించాలి. జరిమానా వసూళ్లలో నుంచి ఆ బోర్డుల ఖర్చు తీస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు.