తుపాకీ ఆఖర్న కొనండి!

పారిస్ ఒలింపిక్స్ జరుగుతున్న రోజులవి. 2024 జులై ఆఖరు. మను బాకర్ రెండు కాంస్యాలు, ఆగస్టు 1న స్వప్నిల్ కుసాలే ఇంకో కాంస్యం... టీవీలో, పేపర్లో ఎక్కడ చూసినా తుపాకులే. ఆ వారంలోనే మా బావ ఫోన్ చేశాడు.

‘‘బావా, చిన్నది షూటింగ్ నేర్చుకుంటానంటోంది. చీటీ పాడేశాను. ఎయిర్ రైఫిల్ ఏ కంపెనీది కొనమంటావ్?’’

‘‘అమ్మాయి ఇప్పటిదాకా ఎన్నిసార్లు పేల్చింది?’’ అనడిగాను.

‘‘ఒక్కసారీ లేదు. ముందు కొంటేనే కదా పేల్చేది!’’

మనలో చాలామంది తల్లిదండ్రుల లెక్క ఇదే. సంగీతం అనగానే వీణ, క్రికెట్ అనగానే ఇంగ్లిష్ విల్లో బ్యాటు. పాత వీణైతే గోడకు ఆనించి ఉంచొచ్చు. షూటింగ్‌లో పొరపాటు అంత తేలిగ్గా పోదు. పోటీల స్థాయి రైఫిలంటే లక్షల్లో మాట. అందుకే బావకు ఒక్కటే చెప్పాను... ‘‘ఆర్నెల్లు ఆగు. చీటీ డబ్బు బ్యాంకులో వెయ్యి.’’ వాడికి కోపం వచ్చింది. ‘‘గగన్ నారంగ్ వాళ్ల నాన్న కొడుకు రైఫిల్ కోసం స్థలమే అమ్మేశాడట. నేను చీటీ పాడితే తప్పొచ్చిందా?’’ అన్నాడు.

నిజమే, మన హైదరాబాద్‌లో పెరిగిన నారంగ్ గురించి పేపర్లలో వచ్చిన కథే అది. 2012 లండన్‌లో అతను కాంస్యం గెలిచాక ఊరూరా చెప్పుకున్నారు. కాకపోతే ఆ కథలో మనకు స్థలం అమ్మడమే గుర్తుంటుంది. రైఫిల్‌కూ పతకానికీ మధ్య నడిచిన ఏళ్ల సాధన గుర్తుండదు.

ముందు కన్ను చూడండి

తుపాకీ ఎంచుకునే ముందు ఇంట్లోనే పైసా ఖర్చు లేకుండా చేసే పరీక్ష ఒకటుంది. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు ఉంచండి. రెండు కళ్లూ తెరిచి, ఆ సందులోంచి గోడమీది క్యాలెండర్లో ఒక అంకెను చూడండి. చేతులు కదపకుండా ఎడమ కన్ను మూయండి. అంకె ఇంకా కనిపిస్తుంటే మీది కుడికన్ను ఆధిపత్యం. మాయమైతే ఎడమది.

కుడిచేత్తో రాసేవాళ్లందరికీ కుడికన్నే పైచేయిగా ఉండాలని లేదు. పిస్టల్ అయితే చెయ్యి చాచి పేలుస్తారు కాబట్టి ఈ తేడాతో కొంత సర్దుకోవచ్చు. రైఫిల్‌కు చెంప ఆనించి, గురిచూసే రంధ్రానికి కన్ను పెట్టి చూడాలి. అక్కడ ఏ కన్నన్నది పెద్ద విషయమే. చెంప ఆనే చోటు, పట్టు, మీట... చాలా రైఫిళ్లలో ఇవన్నీ కుడివాటం వాళ్లకో ఎడమవాటం వాళ్లకో విడిగా చేస్తారు. రెండువైపులా మార్చుకునే రకాలూ ఉన్నాయి. ముందు కన్ను తేల్చుకోకుండా కొంటే, తర్వాత తుపాకీకి తగ్గట్టు పిల్లలు మెడ వంచుకోవాల్సి వస్తుంది.

రైఫిలా, పిస్టలా?

మొదలుపెట్టేవాళ్లకు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ రెండే సరైన దారులు. రెండింటికీ 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్లే. రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు... పెన్నుతో పెట్టిన చుక్కంత! పిస్టల్‌కు 11.5 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు చొక్కా గుండీ. అలాగని పిస్టల్ తేలికనుకోకండి. దాన్ని ఒంటిచేత్తోనే పట్టుకోవాలి. మణికట్టుకు ఏ ఆధారమూ ఉండకూడదు.

రైఫిల్ బరువు ఐదున్నర కిలోలు మించకూడదని నిబంధన. పిస్టల్‌కు కిలోన్నర హద్దు. ట్రిగ్గర్ మాత్రం కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. రైఫిల్‌కు గట్టి జాకెట్టు, ప్యాంటు, బూట్లు కూడా కావాలి. అవి ఒంటికి కొలతపెట్టి కుట్టించుకునేవి. ఎదిగే వయసు పిల్లలకు ఏడాది తిరక్కుండానే బిగుతైపోతాయి. అందుకే మొదట్లో క్లబ్బులో ఉన్నవే వాడుకోవడం మేలు. పిస్టల్‌కు ఆ హంగామా లేదు.

పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లద్దాలతో, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని మిక్స్‌డ్ టీమ్‌లో రజతం కొట్టుకెళ్లిన ఫొటో మీరూ చూసే ఉంటారు. ఏ సామానూ అక్కర్లేదనుకోవద్దు. 51 ఏళ్ల వయసులో అతని చేతికి అంత అలవాటు ఉందన్నమాట.

ఇక పాయింట్ టూటూ తూటాల రైఫిళ్లు, ఎగిరే మట్టిబిళ్లల్ని కొట్టే షాట్‌గన్‌లు తర్వాతి మెట్టు. వాటికి లైసెన్సు తప్పనిసరి. ట్రాప్ పోటీలో అర్హత దశ మొత్తానికి 125 బిళ్లలు. తూటాల ఖర్చెంతో మీరే ఊహించుకోండి.

చేతికి తగ్గ పట్టు

ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, స్టెయర్, మోరిని, పార్డిని... పోటీల్లో తరచూ వినిపించే పేర్లివి. ఇవన్నీ మంచివే. వీటిలో ఏది గొప్పని గంటలు వాదించుకునే బదులు, మీ పిల్లల చేతికి ఏది సరిపోతుందో చూడండి. పిస్టల్ పట్టు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తుంది. వేళ్లు ఎక్కడా పీక్కుపోకుండా, చూపుడువేలు స్వేచ్ఛగా ట్రిగ్గర్‌కు అందాలి. కళ్లు మూసుకుని పిస్టల్ పైకెత్తి, కళ్లు తెరవగానే ముందు, వెనక సైట్లు వరసలో కనిపిస్తే ఆ పట్టు మీది. ప్రతిసారీ మణికట్టు సర్దుకోవాల్సి వస్తే అది పరాయిది. రైఫిల్‌కు చెంప ఆనే చెక్క, భుజానికి ఆనే వెనకభాగం పైకీ కిందికీ జరుపుకునే వీలుండాలి.

పాతది కొంటున్నారా? ఒక జాగ్రత్త. ఈ తుపాకులు పనిచేసేది గాలి నింపిన సిలిండర్‌తో. దానిమీద తయారీ తేదీ ఉంటుంది. పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీలో వాడనివ్వరు. చౌకగా వచ్చిందని సంబరపడే ముందు ఆ తేదీ చూడండి.

సర్వీసింగ్‌నూ తేలిగ్గా తీసుకోవద్దు. 2021లో టోక్యోలో మను బాకర్ పిస్టల్ అర్హత పోటీ మధ్యలో మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో ఫైనల్ చేజారింది. ఆ అమ్మాయే మూడేళ్ల తర్వాత పారిస్‌లో రెండు పతకాలతో లేచి నిలబడింది.

పెల్లెట్ల పద్దు

తుపాకీ ఒకసారి ఖర్చు. పెల్లెట్లు రోజూ ఖర్చు. డబ్బాకు 500 వస్తాయి. పోటీలో 60 షాట్లు, ముందు సరిచూసుకోవడానికి మరికొన్ని. రోజుకు 80 లెక్కన వేసుకున్నా డబ్బా వారం నిండదు. నెలకు ఇంచుమించు ఐదు డబ్బాలు! బడ్జెట్ వేసుకునేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే.

పోటీ పెల్లెట్ల ముక్కు బల్లపరుపుగా ఉంటుంది. కాగితాన్ని గుండ్రంగా కత్తిరించడానికే ఆ ఆకారం. రైఫిల్‌కు సుమారు 0.53 గ్రాములవి, పిస్టల్‌కు కొంచెం తేలికైనవి వాడతారు. తల కొలతలో కూడా 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లంటూ సన్నని తేడాలుంటాయి. ఒక బ్యారెల్‌కు నప్పింది ఇంకోదానికి నప్పదు. పెద్ద షూటర్లు తుపాకీని బిగించి, రకరకాల లాట్లు పేల్చి చూసి, రంధ్రాలన్నీ ఒకదానిమీద ఒకటి పడిన లాట్ నంబరువే డబ్బాలకు డబ్బాలు కొనుక్కుంటారు.

మొదటి ఏడాది పిల్లలకు ఇదంతా అనవసరం. నిలకడగా 9 వలయం లోపల కొట్టడం వచ్చేదాకా తప్పు పెల్లెట్‌ది కాదు, చేతిది. క్లబ్బులో ఇచ్చే మామూలువి చాలు. కిందపడి నొక్కుకుపోయిన పెల్లెట్‌ను మాత్రం పారేయండి. వెనకవైపు పావడాలా విచ్చుకున్న పలుచని అంచు వంగితే గురి తప్పుతుంది. ఇంకోమాట... అది సీసం. ప్రాక్టీసు అవగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అప్పటిదాకా బిస్కెట్టు ముక్క కూడా నోట్లో పెట్టకూడదు.

పేల్చకుండా సాధన

షూటర్లు ఎక్కువగా చేసే ప్రాక్టీసులో అసలు పెల్లెట్టే ఉండదంటే నమ్ముతారా? దాన్ని డ్రై ప్రాక్టీస్ అంటారు. ఖాళీ తుపాకీ ఎత్తడం, ఊపిరి సగం వదిలి ఆపడం, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కడం, నొక్కాక కూడా ఒక్క క్షణం అలాగే నిలవడం. పెల్లెట్ ఉంటే కళ్లు స్కోరు మీదికి పోతాయి. లేకపోతే చెయ్యి ఎక్కడ వణికిందో తెలుస్తుంది. కొందరైతే లక్ష్యం కూడా లేకుండా తెల్లగోడ ఎదురుగా చేస్తారు. పిస్టల్‌లో చూపు లక్ష్యం మీద కాకుండా ముందు సైట్ మీద నిలవాలి. ఆ అలవాటు తెల్లగోడ ముందే బాగా పడుతుంది. అయితే తుపాకీలో డ్రై ఫైర్ ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. స్ప్రింగు తుపాకుల్ని ఖాళీగా పేలిస్తే పాడైపోతాయి.

రైఫిల్‌వాళ్లు చేసే ఇంకో సాధన ఉంది. గురి పెట్టి, కళ్లు మూసి, రెండుసార్లు ఊపిరి తీసుకుని కళ్లు తెరవాలి. గురి పక్కకు జరిగి ఉంటే చేతులతో లాక్కురాకూడదు. పాదాలు సర్దుకోవాలి. ఒళ్లు తనంతట తాను లక్ష్యం వైపు నిలబడితేనే అరవయ్యో షాటుకు కూడా భుజం అలిసిపోదు.

అన్నిటికన్నా కష్టమైన పాఠం... దించడం. గురి కుదిరిన పది సెకన్ల లోపు షాటు పడకపోతే కన్ను అలుస్తుంది, చెయ్యి వణుకుతుంది. అప్పుడు ‘ఎలాగోలా పేల్చేద్దాం’ అనిపిస్తుంది. అప్పుడే తుపాకీ దించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టాలి. 60 షాట్లకు 75 నిమిషాలిస్తారు. దించడానికి టైముంది. ఉండనిది మనసే!

2008 బీజింగ్‌లో ఆఖరి షాటుకు ముందు అభినవ్ బింద్రా, ఫిన్లాండ్ షూటర్ హెన్రి హకినెన్ సరిసమానంగా ఉన్నారు. హకినెన్‌కు 9.7 పడింది. బింద్రాకు 10.8. మన దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం.

ఎరువు తెచ్చిన రైఫిల్

తుపాకీ గొప్పా, మనిషి గొప్పా అనడిగితే నాకు అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ గుర్తొస్తాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు కొన్ని నెలల ముందు అతని రైఫిల్‌ను ఎవరో పాడుచేశారు. ఇంకొకరి రైఫిల్ ఎరువు తీసుకుని వెళ్లి, 50 మీటర్ల ప్రోన్ విభాగంలో స్వర్ణం గెలిచాడు. కొద్దిరోజులకే మూడు భంగిమల పోటీలో అందరికన్నా ముందున్నాడు. ఆఖరి షాటు మామూలుగా కొట్టినా స్వర్ణం ఖాయం. చక్కగా గురిచూసి పేల్చాడు... పక్కవాడి లక్ష్యాన్ని! సున్నా పడింది. ఎనిమిదో స్థానానికి జారిపోయాడు.

ఎరువు రైఫిల్ అతనికి స్వర్ణం ఇచ్చింది. ఒక్క క్షణం ఏమరుపాటు ఇంకో స్వర్ణాన్ని లాక్కుంది. కథ అక్కడితో అయిపోలేదు. ఆరోజు ఓదార్చడానికి వచ్చిన చెక్ షూటర్ కటెరినా కుర్కోవాను అతను పెళ్లాడాడు. ఆమె 2008 బీజింగ్ క్రీడల్లో తొలి స్వర్ణం గెలిచింది.

ఇంట్లో ఉంచేటప్పుడు...

20 జౌళ్ల శక్తి మించని 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ గన్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. అలాగని అది బొమ్మ కాదు. దగ్గర్నుంచి తగిలితే కన్ను పోతుంది. గుర్తింపుపత్రం చూపించి డీలరు దగ్గరే కొనండి. పెల్లెట్లు ఒకచోట, తుపాకీ ఇంకోచోట తాళంలో పెట్టండి. మేడమీద పిట్టల మీద గురి, చుట్టాలొస్తే ప్రదర్శన... రెండూ వద్దే వద్దు. రేంజ్‌లో కూడా పేల్చనప్పుడు బ్యారెల్‌లో రంగు తాడు దూర్చి ఉంచుతారు, ఖాళీ అని అందరికీ తెలియడానికి. మంచి క్లబ్బో కాదో తేల్చుకోవాలంటే మొదటిరోజు ఏం నేర్పారో అడగండి. తుపాకీ మూతి ఎటు ఉండాలో చెప్పకుండా చేతికిచ్చే చోటుకు పిల్లల్ని పంపకండి.

ఇంతకీ మా బావ సంగతి. కోపం తగ్గాక అమ్మాయిని రేంజ్‌లో చేర్పించాడు. మొదటి వారంలోనే కోచ్ కన్ను పరీక్ష చేశారు. కుడిచేత్తో రాసే పిల్లకు ఎడమకన్ను ఆధిపత్యం! బావ బేరం చేసి ఉంచిన రైఫిల్ పక్కా కుడివాటానిది. కొనుంటే చీటీ డబ్బంతా అటకెక్కేదే. ఎనిమిది నెలలు క్లబ్బు తుపాకీతోనే నేర్చుకుంది. ఆ తర్వాత సీనియర్ ఒకరి దగ్గర రెండువైపులా మార్చుకునే రైఫిల్ దొరికింది. సిలిండర్ తేదీ చూసి మరీ కొన్నాడు. మిగిలిన డబ్బు పెల్లెట్లకు, జాకెట్టుకు సరిపోయింది.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. స్కోరు చెబుతాడేమో అనుకున్నాను. కూతురి ప్రాక్టీసు డైరీ చదివి వినిపించాడు.

‘ఈరోజు 40 షాట్లు. 11 సార్లు పేల్చకుండా దించాను.’

‘‘మంచిదేనా బావా?’’ అనడిగాడు.

‘‘చాలా మంచిది బావా’’ అన్నాను.