నెలాఖరు మీటింగ్ వెనక ఒక జడ్జి

ప్రతి నెలా 30వ తేదీ దగ్గర పడుతోందంటే తహసీల్దార్ ఆఫీసుల్లో ఒక పని గుర్తొస్తుంది. మండలంలో ఏదో ఒక ఊరిని ఎంచుకుంటారు, పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేస్తారు. ఆ రోజు పొద్దున తహసీల్దార్, ఎస్సై వస్తారు. బడి ముందరో, పంచాయతీ ఆఫీసు ముందరో ఒక ఫ్లెక్సీ, నాలుగు కుర్చీలు. రెండు గ్లాసుల పద్ధతి నేరమని, గుడిలోకి రానివ్వకపోవడం నేరమని, కులం పేరుతో తిడితే ఫిర్యాదు చేయాలని చెప్తారు. ఫొటో దిగుతారు. మరుసటి రోజు జిల్లా ఎడిషన్‌లో చిన్న వార్త. కామారెడ్డి జిల్లా తాడ్వాయి మండలంలో ఎర్రపహాడ్‌కైనా, కృష్ణాజివాడికైనా, దేమికలాన్‌కైనా వర్తించే ఏర్పాటే ఇది. దీని పేరు పౌర హక్కుల దినం. చాలామందికి సర్కారు మొక్కుబడిగా జరిపే కార్యక్రమాల్లో ఇదొకటి. దీని వెనక ఒక దళిత న్యాయమూర్తి జీవితం ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

ఆయన జస్టిస్ కోటపల్లి పున్నయ్య. అప్పటి శ్రీకాకుళం జిల్లాలోని కావలి గ్రామం నుంచి వచ్చి వకీలు అయ్యారు. 1950ల్లో శాసనసభలో అడుగు పెట్టారు. తర్వాత న్యాయవ్యవస్థలోకి వెళ్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆ స్థాయికి చేరిన తొలితరం దళితుల్లో ఆయన ఒకరు. 2021లో చనిపోయారు. పత్రికల్లో ఆయన గురించి రాసినప్పుడల్లా మాజీ స్పీకర్ ప్రతిభా భారతి తండ్రి అని పరిచయం చేయడం ఆనవాయితీ. నిజానికి ఆయన చేసిన అసలు పని పదవీ విరమణ తర్వాత మొదలైంది.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఈ రెండు మారణకాండల తర్వాత దళిత ఉద్యమం ఊరుకోలేదు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 1995లో దాని నిబంధనలు వచ్చాయి. అయినా పోలీస్ స్టేషన్‌లో కేసు కట్టించుకోవడమే గగనంగా ఉండేది. 1990ల చివర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంటరానితనం మీద, దాడుల మీద విచారణకు ఏకసభ్య కమిషన్ వేసింది. ఆ ఒక్క సభ్యుడు పున్నయ్య. ఆయన జిల్లాలు తిరిగి, జనం చెప్పింది విని నివేదిక ఇచ్చారు. ఎస్సీ, ఎస్టీలకు రాష్ట్ర స్థాయిలో శాశ్వత కమిషన్ ఉండాలన్నారు. నెలాఖరున అధికారులే ఊళ్లకు వెళ్లాలన్నారు. శాశ్వత కమిషన్‌కు 2003లో చట్టం వచ్చింది, దాని తొలి ఛైర్మన్ ఆయనే. ఆ బిల్లు ఆమోదం పొందినప్పుడు సభకు స్పీకర్ ఆయన కూతురు.

అసెంబ్లీలో చట్టం ఎలా పుడుతుందో చూసిన మనిషి ఆయన. అదే చట్టం కోర్టుకు వచ్చేసరికి ఎలా నీరుగారిపోతుందో కూడా బెంచీ మీద నుంచి చూశారు. అందుకే కావచ్చు, ఆఖరికి ఆయన అడిగింది కొత్త శిక్షలు కాదు, అధికారి వాడలోకి నడిచి రావడం. చట్టం ఎక్కడ ఆగిపోతుందో అంత సరిగ్గా గుర్తించిన సిఫారసు మరొకటి నాకు కనబడలేదు.

ఇలాంటి ప్రయాణమే అమెరికాలో ఒక నల్లజాతి మహిళ చేసింది. కాన్‌స్టెన్స్ బేకర్ మోట్లీ పౌరహక్కుల ఉద్యమ లాయరు. 1962లో జేమ్స్ మెరెడిత్‌కు మిసిసిపీ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చేలా వాదించింది ఆమే. 1964లో న్యూయార్క్ రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ. 1966లో ఫెడరల్ జడ్జి అయింది, ఆ పదవిలోనూ ఆమే మొదటి నల్లజాతి మహిళ. మెరెడిత్ కేసులో కోర్టు ఉత్తర్వు చేతిలో ఉన్నా, అతన్ని క్లాసు గది దాకా చేర్చడానికి ఫెడరల్ మార్షల్స్, ఆ తర్వాత సైన్యం రావలసి వచ్చింది. కాగితం మీది హక్కు గడప దాటాలంటే ప్రభుత్వం కూడా గడప దాటాలన్న సంగతి అక్కడా తేలింది.

1975లో లింగ వివక్ష కేసు ఒకటి ఆమె ముందుకొచ్చినప్పుడు, నల్లజాతి మహిళ కాబట్టి ఆమె నిష్పక్షపాతంగా ఉండలేదని, తప్పుకోవాలని అవతలి పక్షం కోరింది. ఆమె తప్పుకోలేదు. జాతి, లింగం కారణంగా తప్పుకోవాలంటే ఏ జడ్జీ ఈ కేసు వినలేడు, ఎందుకంటే ప్రతి జడ్జికీ ఒక జాతీ ఒక లింగమూ ఉంటాయి కదా అన్నది ఆమె వాదన సారం. మన దగ్గర దళిత జడ్జి అట్రాసిటీ కేసు వింటుంటే గుసగుసలాడే బార్ రూముల్లో, అగ్రకుల జడ్జి అదే కేసు వింటే ఎవరికీ అనుమానం రాదు. తెలుగు నేల నుంచే వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి సుప్రీంకోర్టులో 1989 నుంచి 1997 దాకా ఉన్నారు. కర్ణాటకలో బోరుబావి నీళ్లు పట్టుకోనివ్వకుండా దళితులను అడ్డుకున్న అప్పా బాలు ఇంగళే కేసులో హైకోర్టు నిందితులను వదిలేస్తే, 1992లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. ఆ కేసులో రామస్వామి విడిగా రాసిన తీర్పు అంటరానితనపు చరిత్రనంతా రికార్డులోకి ఎక్కించింది. బెంచీ మీద ఎవరు కూర్చున్నారన్నది తేడా తెస్తుంది.

మళ్లీ మన ఊళ్ల దగ్గరికి వద్దాం. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో ఇవాళ దళితులకు ఎదురయ్యే పెద్ద సమస్య రెండు గ్లాసులు కాదు, గ్రామాభివృద్ధి కమిటీలు. జనం నోట్లో వీడీసీలు. ఇవి పంచాయతీ కాదు, వీటిని ఎవరూ ఎన్నుకోలేదు. అయినా బెల్టుషాపులు వేలం వేస్తాయి, జరిమానాలు విధిస్తాయి. మాట విననివాళ్లను ఊరి నుంచి వెలేస్తాయి. వెలేస్తే కిరాణం దుకాణంలో సరుకు ఇవ్వరు, పొలానికి ట్రాక్టరు రాదు, కూలికి పిలవరు, మాట్లాడినవాళ్లకూ జరిమానా. దళిత కుటుంబాల మీద ఇలాంటి బహిష్కారాల వార్తలు ఈ ప్రాంతం నుంచి ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి.

అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని పేరు పెట్టి నేరంగా చేర్చింది: సెక్షన్ 3(1)(జెడ్‌సి). బహిష్కరిస్తామని బెదిరించినా నేరమే. 2016 జనవరి 26 నుంచి ఇది అమల్లో ఉంది. పౌర హక్కుల దినం ఫ్లెక్సీ మీద ఈ సెక్షన్ ఎంత పెద్ద అక్షరాలతో ఉండాలో చెప్పనక్కర్లేదు. కానీ మీటింగ్ ఊరి నడిబొడ్డున జరుగుతుంది, ముందు వరస కుర్చీల్లో ఊరి పెద్దలుంటారు. వీడీసీ నడిపేవాళ్లూ సాధారణంగా వాళ్లే. వాళ్ల ఎదురుగా లేచి, నన్ను వెలేశారు సారూ అని ఏ మాదిగ కూలీ చెప్పగలడు? అధికారి వచ్చి సమానత్వం గురించి ఉపన్యసించి వెళ్లడం ఒకటి, వాడలో కూర్చొని వినడం ఇంకొకటి. మొదటిది మిగిలింది, రెండోది జారిపోయింది.

పున్నయ్య నిలబెట్టిన కమిషన్ పరిస్థితీ ఏమంత మెరుగు కాదు. అది విచారించగలదు, అధికారులను పిలిపించగలదు. ఆపైన సిఫారసు చేయాల్సిందే, మోట్లీకి ఉన్నట్టు ఆదేశించే కలం దానికి లేదు. ఉన్న ఆ కాస్త అధికారం కూడా కుర్చీ ఖాళీగా ఉంటే పనికిరాదు. తెలంగాణలో 2021లో ఛైర్మన్ పదవీకాలం ముగిశాక, 2023లో గానీ కొత్త ఛైర్మన్ రాలేదు. దళితబంధు మీద సభలు హోరెత్తిన కాలం అది.

అందుకే కమిషన్ కోసం ఎదురుచూడకుండా చేయగలిగినవి చూడాలి. 1995 నిబంధనల ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ 3 నెలలకోసారి కూర్చోవాలి. ఎంపీ, ఎమ్మెల్యేలు అందులో సభ్యులు, అంటే ఎల్లారెడ్డి ఎమ్మెల్యేకూ అక్కడ కుర్చీ ఉంది. డివిజన్ స్థాయిలో కూడా ఒక కమిటీ ఉండాలని 2013లో చేర్చారు. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వ ఉద్యోగికి సెక్షన్ 4 కింద 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. బహిష్కారం ఫిర్యాదు మౌఖికంగా వస్తే రాసుకొని, చదివి వినిపించి, సంతకం తీసుకొని కేసు నమోదు చేయడం కూడా ఆ విధుల్లో ఒకటి.

ఈ లెక్కన వచ్చే 30న తాడ్వాయి మండలంలో ఏ ఊరికి వచ్చినా అధికారులను మూడు సంగతులు అడగొచ్చు. మీటింగ్ వాడలో పెట్టమని. పోయినసారి వచ్చిన ఫిర్యాదులు ఏమయ్యాయో చదవమని. వీడీసీ వెలివేత నేరమని వీడీసీ పేరు పలికి చెప్పమని. రాతలో కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. గత ఏడాది పౌర హక్కుల దినాలు ఏ ఊళ్లలో, ఏ చోట జరిగాయి, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని కేసులయ్యాయి అని తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టడానికి మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు.