బీరువా తాళం తీయండి

నల్లగొండ జిల్లావాడైన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలను తానే ఊరూరా తిరిగి అమ్మారు. ఇప్పుడు పుస్తకం బడిదాకా వస్తోంది, చాలాచోట్ల బీరువా దాటి రావడం లేదు. పిల్లలు చింపితే లెక్క ఎవరు చెప్పాలన్నది టీచర్ల భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. కానీ అట్ట నలగని బొమ్మల పుస్తకం ఉండీ లేనట్టే.

తెలంగాణ బడుల్లో 2022 ఆగస్టు 15న మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదవడం, రాయడం, లెక్కల మీద దృష్టి పెట్టింది. మంచిదే. అయితే అక్షరం కంటే ముందు కథ రావాలి. పాలమూరులో అమ్మానాన్న వలసపోతే పిల్లలు నాయనమ్మ దగ్గరుంటారు. ఆమెకు చదువు రాకపోవచ్చు. బొమ్మలో ఎద్దు కనబడితే చాలు, దాని కొమ్ము ఎట్లా విరిగిందో, అంగట్లో ఎంతకు బేరమాడారో చెప్పుకుపోతుంది. మనవడు మళ్లీ మళ్లీ అదే పేజీ తీస్తాడు. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు తండాల్లో ఇంటి భాష లంబాడీ, బడి భాష తెలుగు. అక్కడ బొమ్మను చూసి పిల్ల తన భాషలో చెబితే టీచరు తెలుగులో అందుకోవచ్చు.

పుస్తకాలకు కరువు లేదు. ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. శనివారం ప్రతి పిల్లకూ నచ్చిన పుస్తకం ఇంటికిచ్చి, సోమవారం దాని గురించి మాట్లాడించాలి. చిరిగిన పుస్తకాన్ని టీచరు ఖాతాలో నష్టంగా రాయబోమని పాలమూరు, నల్లగొండ జిల్లాల విద్యాశాఖాధికారులు ముందుగా ఒక ఉత్తర్వు ఇవ్వాలి.