మలికాన్పంటే భయమా? ముందే నోరు విప్పండి

మళ్లీ నెల తప్పిందని తెలియగానే ఇంటిల్లిపాదికీ సంబరం. మీకు మాత్రం తొలికాన్పులో పడ్డ కుట్లు గుర్తొచ్చి గుండెల్లో దడ. "రెండోది సులువుగా అయిపోతుందిలే" అంటారు పెద్దవాళ్లు. నిజమే కావచ్చు. అలాగని మీ భయం ఉత్తిది కాదు.

కాన్పులో చిన్నచిన్న చీలికలు చాలామందికి అవుతాయి, మానిపోతాయి. కొందరికి మాత్రం చీలిక మలద్వారం చుట్టూ ఉండే కండరం దాకా పోతుంది. దాన్ని డాక్టర్లు మూడో డిగ్రీ అంటారు. లోపలి పొర కూడా చిరిగితే నాలుగో డిగ్రీ. అయితే సరిగ్గా కుట్టించుకున్న వాళ్లలో ఏడాది తిరిగేసరికి నూటికి 60 నుంచి 80 మందికి ఏ ఇబ్బందీ ఉండదు. తర్వాతి కాన్పులో మళ్లీ అంత చీలిక వచ్చేది నూటికి 5 నుంచి 7 మందికేనని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2015లో చెప్పింది.

మరి మీరేం చేయాలి? మొదటి చెకప్‌లోనే పాత సంగతి డాక్టరుకు చెప్పండి. అప్పటి డిశ్చార్జి కాగితం ఉంటే పట్టుకెళ్లండి. గ్యాసు ఆపుకోలేకపోవడం, బట్టలకు మరకలంటడం, విరేచనానికి పరుగెత్తాల్సి రావడం, కలయికలో నొప్పి... వీటిని సిగ్గుపడి దాచకండి. సిజేరియనా, మామూలు కాన్పా అన్నది చాలావరకు తేలేది వీటిని బట్టే! ఇబ్బందులున్నా, పరీక్షలో కండరం దెబ్బతిన్నట్టు కనిపించినా సిజేరియన్ గురించి మాట్లాడుకోవాలి. ఏమీ లేకపోతే మామూలు కాన్పుకే ప్రయత్నించవచ్చు. "ఎందుకొచ్చిన గొడవ, ఆపరేషన్ చేసేయమందాం" అని తొందరపడకండి. దాని కష్టాలు దానికున్నాయి. ముందే కోత పెడితే మళ్లీ చిరగదన్న మాటకూ రుజువు లేదు. అవసరమైతేనే కోత.

బిడ్డ తల బయటికొచ్చే వేళ గోరువెచ్చని గుడ్డ అద్దడం, చేత్తో ఆసరా ఇవ్వడం, నర్సు చెప్పినట్టు నిదానంగా ముక్కడం మేలు చేస్తాయి. వీటి గురించి ముందే అడిగి, మీ చీటీలో రాయించుకోండి. ఆ రోజు డ్యూటీలో వేరే డాక్టరు ఉండొచ్చు కదా!

అత్తగార్లకూ అమ్మలకూ ఓ మాట. పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించి, కూరలు మాన్పిస్తే మలబద్ధకం వస్తుంది. ఆ భారమంతా కుట్ల మీదే. పప్పు, ఆకుకూర, పండు పెట్టండి. కాచి చల్లార్చిన నీళ్లు దండిగా ఇవ్వండి. విరేచనం మెత్తబడేందుకు డాక్టరిచ్చిన మందు మాన్పించకండి. ఇక శ్రీవారు చెకప్‌కు వెంట వెళ్లి, ఆమె చెప్పలేక తడబడితే అందుకుని చెబితే అదే పెద్ద సాయం.

మళ్లీ పెద్ద చీలికే అయితే ఆరు నుంచి పన్నెండు వారాల్లోగా తప్పక చూపించుకోండి. కింది కండరాలను బిగించి వదిలే వ్యాయామం ఎలా చేయాలో అప్పుడే అడిగి నేర్చుకోండి. "పిల్లలు పుట్టాక ఇంతేలే" అని సర్దుకుపోవద్దు. దీనికి వైద్యం ఉంది.