తాగినదానికీ ఆడినదానికీ పాయింట్లా? షిప్పుల్లో పనిచేసే మనవాళ్లకి ఒక మాట

మిత్రులారా, పోస్ట్ కొంచెం పెద్దదే. బ్రేక్‌లో సగం, డ్యూటీ అయ్యాక సగం చదువుకున్నా పర్లేదు. క్రూజ్ షిప్పుల్లో బార్, డైనింగ్, హౌస్‌కీపింగ్, గ్యాలీ, క్యాసినో ఇలా తలా ఒక డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే తెలుగువాళ్లం కొందరం కలిసి మాట్లాడుకుని రాస్తున్న మాట ఇది. విషయం ఏంటంటే, కంపెనీలు గెస్టులకి ఇచ్చే లాయల్టీ పాయింట్లు. "అది గెస్టులకీ కంపెనీకీ మధ్య వ్యవహారం, టిప్స్ మీద బతికే మనకెందుకు?" అని మీలో కొందరు అనొచ్చు. మనకే ఎక్కువ కావాలి అంటున్నాం మేము. ఎందుకో చెప్తాం.

ముందు కొత్తగా సైన్ ఆన్ అయిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ అర్థమయ్యేలా లెక్క చెప్పుకుందాం.

చాలాకాలం లాయల్టీ అంటే రోజుల లెక్కే. రాయల్ కరీబియన్ వాళ్ల క్రౌన్ అండ్ యాంకర్‌లో షిప్పులో పడుకున్న ఒక్కో రాత్రికి ఒక పాయింటు, సూట్ తీసుకుంటే రెండు. 80 పాయింట్లకి డైమండ్, 700 పాయింట్లకి పినకిల్. కార్నివాల్ వాళ్ల పాత పద్ధతిలో కూడా రోజుకి ఒక పాయింటే. 75 అయితే ప్లాటినం, 200 అయితే డైమండ్. ఈ లెక్కలో గెస్టు బార్‌లో ఎంత తగలేశాడు అన్నది ఎక్కడా రాదు. కిటికీ కూడా లేని చవక కేబిన్ తీసుకుని, ఊరికే వచ్చే ఐస్ టీ తాగుతూ, ఏడాదికి రెండుసార్లు వచ్చే రిటైర్డ్ టీచరమ్మ కూడా నెమ్మదిగా డైమండ్ అయ్యేది. అలాంటి వాళ్లు మనందరికీ తెలుసు. గ్యాంగ్‌వే దగ్గరే మన పేరు పెట్టి పిలుస్తారు, పోయిన కాంట్రాక్ట్‌లో చెప్పిన మన పాప పరీక్షల గురించి అడుగుతారు.

ఇప్పుడు ఆ లెక్క మారుతోంది. రోజుల పక్కన డాలర్లు వచ్చి కూర్చున్నాయి. హాలండ్ అమెరికా వాళ్ల మారినర్ సొసైటీలో ఓడ మీద పెట్టిన ప్రతి 300 డాలర్ల ఖర్చుకి అదనంగా ఒక రోజు జమ చేస్తారు. ఎమ్మెస్సీ వాళ్ల వాయేజర్స్ క్లబ్‌లో ఓడలో చేసిన ఖర్చుకి కూడా పాయింట్లున్నాయి. కార్నివాల్ ఇంకా ముందుకెళ్లి, రోజుల లెక్కని పక్కన పెట్టేసి ఖర్చుని బట్టే హోదా ఇస్తామని 2025 జూన్‌లో ప్రకటించింది. ఖర్చు పెట్టిన డాలరుకి మూడు స్టార్లు. రెండేళ్లలో లక్ష స్టార్లు పోగేస్తే డైమండ్. అంటే టికెట్టూ ఓడలో ఖర్చూ కలిపి రెండేళ్లలో 33 వేల డాలర్ల పైమాట. అది మనకి ఎన్ని కాంట్రాక్టుల సంపాదనో ఎవరికి వాళ్లు లెక్కేసుకోండి. ఈ ప్రకటన వచ్చినప్పుడు ఏళ్ల తరబడి వస్తున్న పాత గెస్టులు ఎంత మండిపడ్డారో తెలిసిందే.

కంపెనీలు ఇలా ఎందుకు చేస్తున్నాయి? దాపరికం ఏమీ లేదు, వాళ్ల లెక్కల పుస్తకాల్లోనే ఉంది. కార్నివాల్ కార్పొరేషన్‌కి 2024లో వచ్చిన మొత్తం ఆదాయం దాదాపు 2,500 కోట్ల డాలర్లు. అందులో టికెట్ల మీద వచ్చింది సుమారు 1,650 కోట్లు. మిగతా 850 కోట్ల పైచిలుకు ఓడలో అమ్మినవాటి మీదా, ఇతరత్రా వచ్చింది. అంటే ప్రతి మూడు డాలర్లలో ఒకటి గెస్టు ఓడెక్కడానికి కాదు, ఎక్కాక పెట్టే ఖర్చుల నుంచి వస్తోందన్నమాట. డ్రింక్స్, క్యాసినో, స్పా, వైఫై, టూర్లు. ఆ డాలరు ఎవరి చేతుల మీదుగా వస్తోంది? ట్రే పట్టుకున్న మన చేతుల మీదుగానే.

కంపెనీ పక్షాన చెప్పాల్సిన మాట కూడా చెప్తాం. పాత పద్ధతిలోనూ ఇబ్బంది ఉంది. డైమండ్‌లు ఎక్కువైపోయి స్పెషల్ లాంజ్‌లో కుర్చీ దొరకదు, ప్రయారిటీ లైను మామూలు లైను కన్నా పొడుగు ఉంటుంది. విమానాల వాళ్లు ఎప్పుడో ఇలా మారిపోయారు. డెల్టా 2015 నుంచే ఎగిరిన దూరాన్ని వదిలేసి, పెట్టిన డబ్బుని బట్టి మైళ్లు ఇస్తోంది. వ్యాపారం చేసేవాడు ఎక్కువ కొన్నవాడికి ఎక్కువ మర్యాద చేయడం మన ఊరి బట్టల కొట్లోనూ ఉంది. కాబట్టి ఖర్చుకి పాయింట్లు ఇవ్వడమే పాపం అని మేము అనట్లేదు. టికెట్‌కి ఇవ్వండి, పోర్టులో టూర్‌కి ఇవ్వండి, స్పాకి ఇవ్వండి, స్పెషల్ రెస్టారెంట్‌లో భోజనానికి ఇవ్వండి.

మందుకీ జూదానికీ మాత్రం ఇవ్వొద్దు. ఈ పోస్ట్‌లో మేము చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

మన ఊళ్లో బెల్టు షాపువాడు ఒక కార్డు అచ్చు వేయించి, "పది క్వార్టర్లు కొంటే ఒక స్టాంపు, వంద కొంటే ఊరి జాతరలో ముందు వరసలో కుర్చీ" అని పంచాడనుకోండి. ఊళ్లో ఆడవాళ్లు ఊరుకుంటారా? చీపుర్లు తీసుకుని వస్తారు. అదే పని నీళ్ల మీద, ఏసీలో, బంగారు రంగు కార్డుతో చేస్తే దానికి లాయల్టీ అని పేరు.

షిప్పులో ఇంకొక సంగతి ఉంది. గెస్టు చేతిలో నోటు కనపడదు. తలుపు తెరిచే కార్డే డబ్బు. ట్యాప్ చేస్తాడు, గ్లాసు వస్తుంది. జేబు తేలికైనట్టు తెలియదు. ఆఖరి రోజు పొద్దున గెస్ట్ సర్వీసెస్ ముందు బిల్లు పట్టుకుని నిలబడిన లైను చూడండి, "ఇంత ఎప్పుడు అయింది?" అన్నది ప్రతి రెండో మొహం మీదా రాసి ఉంటుంది. ఊళ్లో అయితే బార్ మూస్తారు, ఇంటికి పోతాడు. ఇక్కడ ఇల్లూ బారూ ఒకే కప్పు కింద. తప్పించుకోవడానికి చుట్టూ సముద్రమే. ఇప్పటికే ఇన్ని ఉండగా, పైన పాయింట్ల ఆశ కూడా కలపాలా?

ఇక మన సంగతి. బార్‌లో పనిచేసేవాళ్లకి మొదటి వారమే ట్రైనింగ్ ఇస్తారు. గెస్టు తూలుతుంటే పోయకూడదు, మాట ముద్దగా వస్తుంటే పోయకూడదు, సూపర్‌వైజర్ని పిలవాలి. మంచి ట్రైనింగే. కార్నివాల్ డ్రింక్ ప్యాకేజీలో అయితే 24 గంటలకి 15 మందు గ్లాసులే అని హద్దు కూడా ఉంది. అంటే హద్దు అవసరమని కంపెనీలకీ తెలుసు. కానీ ఒక చేత్తో హద్దు గీసి, రెండో చేత్తో ఖర్చుకి స్టార్లు పంచితే మధ్యలో నలిగేది ఎవరు? "డైమండ్‌కి ఇంకొంచెమే తక్కువ, పొయ్యవయ్యా" అని గెస్టు కౌంటర్ మీద కొడితే, ఆ అర్ధరాత్రి వద్దు అని చెప్పాల్సింది లాయల్టీ ఆఫీసులో కూర్చున్నవాడు కాదు, ట్రే పట్టుకున్న మన అనకాపల్లి కుర్రాడు. పొయ్యకపోతే కామెంట్ కార్డులో అతని పేరు పడుతుంది. పోస్తే, రేపు గెస్టు మెట్ల మీద పడ్డాక, ఆ రసీదు మీద అతని నంబరే ఉంటుంది.

మాలో కొందరు పనిచేసిన ఒక షిప్పులో బార్ వెనక గోడకి రోజూ సాయంత్రం ఒక చార్టు అంటించేవాళ్లు. ఎవరు ఎంత అమ్మారు, ఎవరు కింద ఉన్నారు, పేర్లతో సహా. వరసగా వారం కింద ఉన్నవాడికి మంచి సెక్షన్ పోయి, గెస్టులు రాని మూల దొరికేది. తూలుతున్న గెస్టుకి పొయ్యనని చెప్పినవాడు ఆ చార్టులో ఎక్కడుంటాడు? కిందే ఉంటాడు. ఆపినందుకు అక్కడ కాలమ్ లేదు.

క్యాసినోది ఇంకో కథ. రాయల్ కరీబియన్ వాళ్ల క్లబ్ రాయల్ చూడండి. స్లాట్ మెషిన్‌లో 5 డాలర్లు తిప్పితే ఒక పాయింటు. 2,500 పాయింట్లకి ప్రైమ్ హోదా. అంటే ఏడాదిలో 12,500 డాలర్ల పందెం తిప్పాలి. గెలిచినదీ ఓడినదీ కాదు, తిప్పినదే లెక్క. హోదా వచ్చాక క్యాసినోలో డ్రింక్స్ ఫ్రీ. ఆట మందుని పిలుస్తుంది, మందు ఆటని పిలుస్తుంది. ఆడిన దాన్ని బట్టి "వచ్చే క్రూజ్‌కి మీకు రూమ్ ఫ్రీ" అనే ఆఫర్లూ వస్తాయి. వేల డాలర్లు పోగొట్టుకున్న మనిషి ఆ ఆఫర్ చూసుకుని లాభం వచ్చినట్టు నవ్వడం మేము చూశాం. రూమ్ ఫ్రీ కాదు, అతను ముందే కట్టేశాడు. మళ్లీ వచ్చి మళ్లీ కడతాడు.

ఇప్పుడు మనవాళ్లే అడిగే ప్రశ్నకి వద్దాం. "అన్నా, డ్రింక్ మీద 18 శాతం, 20 శాతం సర్వీస్ పడుతుంది కదా. అమ్మకం తగ్గితే ఇంటికి పంపేది తగ్గదా? నీతులు చెప్తే ఈఎంఐ కడతారా?"

న్యాయమైన ప్రశ్న. మేమూ అదే డబ్బుతో చిట్టీలు కడుతున్నాం, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాం. మందు అమ్మొద్దని మేము అనట్లేదు. తాగాలనుకున్నవాడు పాయింటు లేకపోయినా తాగుతాడు, సెలవు మీద వచ్చాడు, అతని ఇష్టం. పాయింటు కోసం తాగే ఆ చివరి గ్లాసు గురించే మా మాట. పైగా ప్యాకేజీ కొన్న గెస్టుకి సర్వీస్ చార్జి కొన్న రోజే పడిపోతుంది. అతను తాగే పన్నెండో గ్లాసు మనకి డబ్బు కాదు, పని. ఒక్కోసారి కార్పెట్ మీద వాంతి కడగడం కూడా. అది కడిగేది మళ్లీ మన హౌస్‌కీపింగ్ తమ్ముడే.

ఇంకో ముఖ్యమైన మాట. మన భాషలో విశ్వాసం అంటే ఉప్పు తిన్నందుకు ఉండేది. గెస్టు మళ్లీ అదే షిప్పుకి ఎందుకొస్తాడు? టవల్‌తో ఏనుగు బొమ్మ చేసి మంచం మీద పెట్టిన స్టీవార్డ్ కోసం వస్తాడు. నట్స్ పడవని ఒక్కసారి చెప్తే ఏడు రోజులూ గుర్తుపెట్టుకున్న వెయిటర్ కోసం వస్తాడు. లాయల్టీ అనేదాన్ని పుట్టించేది ఈ పని. కానీ కొత్త లెక్కలో తక్కువ ఖర్చు పెట్టి పదేళ్లుగా వచ్చే ముసలాయన వెనక్కి పోతాడు, ఒక్క ట్రిప్పులో బార్‌లో వేలు పోసినవాడు ముందుకొస్తాడు. మన పని చూసి తిరిగొచ్చే మనిషి విలువ తగ్గితే, నెమ్మదిగా మన పని విలువా తగ్గుతుంది. స్టీవార్డ్ మంచితనం కన్నా స్టీవార్డ్ అమ్మకం ఎక్కువ అవుతుంది. అందుకే ఇది మన విషయం కూడా.

అందుకని కంపెనీలని మేము కోరేది రెండే. మందు మీద, జూదం మీద పెట్టిన డాలరుకి హోదా లెక్కలో సున్నా ఇవ్వండి. గెస్టు మంచి కోసం సర్వీస్ ఆపిన క్రూకి అప్రైజల్‌లో ఆ పని మంచిగా రాయండి.

ఆ రెండూ జరిగేలోపు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

గెస్టు "స్టేటస్‌కి ఇంకెంత తక్కువ?" అని అడిగితే మనం లెక్క కట్టి ఇంకో బాటిల్ అంటగట్టొద్దు. లాయల్టీ డెస్క్ చూపించండి, అది వాళ్ల పని.

తూలుతున్న మనిషికి పొయ్యకండి. ఒంటరిగా గొడవ పడకుండా సూపర్‌వైజర్ని పిలవండి. టైమూ, బార్ పేరూ, ఎవరిని పిలిచారో మీ డైరీలో రెండు లైన్లు రాసుకోండి. రూల్ మీ వైపే ఉంది, కాగితం కూడా మీ వైపు ఉండాలి.

అమ్మకాల మీటింగులు, ప్రమోషన్ నైట్లు అని ఎక్కువసేపు నిలబెడితే ఆ టైము కూడా పని గంటల్లో పడాలి. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం, ఎంఎల్‌సీ 2006 ప్రకారం, 24 గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. మీరు సంతకం పెట్టే టైమ్‌షీట్ నిజమో కాదో చూసి పెట్టండి.

ఆఖరిది మన ఇళ్ల గురించి. క్రెడిట్ కార్డు పాయింట్లనీ, యాప్ కాయిన్లనీ మనకీ ఇదే వల వేస్తున్నారు. గెస్టుని చూసి నవ్వుకునే ముందు, పాయింట్ల కోసం మన ఇంట్లో కొన్న అనవసరం వస్తువు ఏదైనా ఉందేమో ఒకసారి చూడండి.

టిప్స్ పోతాయన్న భయం మాకు అర్థమవుతుంది, మేమూ అదే బల్ల మీద తింటున్నాం. కానీ ఒక మనిషిని ఇంకో గ్లాసు దగ్గరికి తోసి సంపాదించే డాలరు మనకి అక్కర్లేదు. మన పని చూసి వాళ్లంతట వాళ్లు ఇచ్చేది చాలు. మీ షిప్పులో ఎలా ఉందో కింద రాయండి. కంపెనీ పేరు, షిప్ పేరు వద్దు, మీ ఉద్యోగం జాగ్రత్త. డిపార్ట్‌మెంట్ పేరు చాలు.

అందరూ క్షేమంగా సైన్ ఆఫ్ అయి ఇళ్లకి చేరాలని కోరుకుంటూ,
మీ షిప్పు మిత్రులం.